నలభై ఏళ్ల స్పెక్ట్రమ్‌ను బతికించిన కడప మరమ్మతు దుకాణం

కడప వై.వి. స్ట్రీట్ నుంచి పక్కకు తిరిగే ఒక ఇరుకు సందులో పాత టీవీలు, మిక్సీలు, స్టెబిలైజర్లు బాగుచేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. దాన్ని నడిపే పెద్దాయనను అక్కడ అందరూ భాయ్ అనే పిలుస్తారు కనుక నేనూ అలాగే రాస్తాను. మా ఇంట్లో 1985 నుంచి ఉన్న సింక్లెయిర్ జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ కంప్యూటరును ఆయన ఈ మధ్యే బాగుచేసి ఇచ్చారు. ఇలాంటి యంత్రాన్ని అటక మీద దాచుకున్నవాళ్లు మన జిల్లాలో ఇంకా కొందరైనా ఉంటారన్న నమ్మకంతో, ఆ పని జరిగిన తీరును వివరంగా చెబుతున్నాను.

1982లో ఇంగ్లండులో విడుదలైన ఈ యంత్రం, మా మేనమామ కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన పెట్టెలో, దుప్పట్ల మడతల మధ్య మా ఇంటికి చేరింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. 48 కిలోబైట్ల మెమరీ, 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జడ్80 ప్రాసెసరు, బూడిదరంగు రబ్బరు మీటలు, తెరకు ఇంట్లోని టీవీ, ప్రోగ్రాములు దాచడానికి పాటల టేప్ రికార్డరు: అంతే సరంజామా. పి అన్న మీట నొక్కితే ప్రింట్ అనే ఆదేశం మొత్తం ఒకేసారి తెర మీద పడేది. ఇంగ్లీషు సరిగా రాని పిల్లవాడికి అది ఎంత ధైర్యమిచ్చేదో ఇప్పుడు చెప్పినా అర్థం కావడం కష్టం.

ఆటల కన్నా నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం, సొంత అక్షరాలు గీసుకోవడానికి అందులో ఉన్న సౌకర్యం. అలాంటి అక్షరాలకు 21 చోట్లు ఉండేవి. ఒక్కొక్కటి ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది గడులు. లెక్కల గళ్ల నోటుపుస్తకంలో అక్షరం గీసుకుని, నిండిన గడికి 1, ఖాళీ గడికి 0 చొప్పున ఒక్కో వరుసను బిన్ అన్న మాట తర్వాత టైపు చేసి, పోక్ ఆదేశంతో మెమరీలో పెట్టాలి. తెలుగు అక్షరం ఎనిమిది గడుల వెడల్పులో ఇమడదు కాబట్టి ఒక్కో అక్షరానికి పక్కపక్కన రెండు చోట్లు వాడాను. కడప అని రాయడానికి ఆరు చోట్లు, 48 వరుసలు పట్టాయి. తలకట్టుకే పై రెండు వరుసలు పోయేవి. ప మీద తలకట్టుకూ కింది ఒంటికీ మధ్య ఒక్క వరుస ఖాళీ వదలకపోతే అది వ అయిపోయి, ఊరి పేరు కాస్తా కడవగా మారేది. చివరికి సరిగ్గా కుదిరిన రాత్రి అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చి చూసింది. ఆ ప్రోగ్రామును ఒక క్యాసెట్టులో దాచుకున్నాను.

నాలుగేళ్ల కిందట వేరే నగరంలో ఒక దుకాణానికి ఈ కంప్యూటరును ఇస్తే, చేతికందిన 9 వోల్టుల అడాప్టరు గుచ్చి చూసి, పనికిరాదని తిరిగి ఇచ్చేశారు. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో చాలావాటికి ప్లగ్గు మధ్యలో పాజిటివ్ ఉంటుంది. స్పెక్ట్రమ్‌కు మధ్యలో నెగటివ్ ఉండాలి. ఈ సంగతి నాకు చెప్పినవారు భాయ్. మొదటిరోజు ఆయన కంప్యూటరుకు అసలు కరెంటే ఇవ్వలేదు. నా దగ్గరున్న అసలు అడాప్టరును మల్టీమీటరుతో కొలిచి, కింది అయిదు మరలు విప్పి మూత ఎత్తారు. మీటల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర (మెంబ్రేన్)ను బోర్డుకు కలిపే రెండు పల్చటి తోకలు అప్పడంలా విరిగి చేతికొచ్చాయి.

తర్వాత కొద్దికొద్దిగా కరెంటు ఇచ్చి చూస్తే తెర నిండా నిలువు చారలు. అప్పుడు ఆయన మల్టీమీటరు కడ్డీలు నా చేతికే ఇచ్చారు. 48 కిలోబైట్లలో కింది 16 కిలోబైట్ల మెమరీ 4116 అనే ఎనిమిది చిప్పుల్లో ఉంటుంది. వాటికి మూడు రకాల వోల్టేజీ కావాలి: ఒకటో కాలి మీద మైనస్ 5, ఎనిమిదో కాలి మీద 12, తొమ్మిదో కాలి మీద 5 వోల్టులు. నేను కొలిస్తే 5 ఒక్కటే సరిగ్గా ఉంది, మిగతా రెండూ లేవు. "బోర్డు చచ్చిపోలేదు సార్, దానికి అందాల్సింది అందడం లేదు, అంతే" అన్నారు. చిన్న కాయిలుతో కలిసి ఆ రెండు వోల్టేజీలను తయారుచేసే ట్రాన్సిస్టరు కాలిపోయింది. దాన్ని మార్చాక ఎనిమిది చిప్పుల మీదా వేలు పెట్టి చూశారు. ఒకటి మాత్రం చుర్రుమంది. దాన్ని ఊడదీసి, ఆ చోట సాకెట్ అతికి, వేరే చిప్పు పెట్టారు. ఎండిపోయిన కెపాసిటర్లన్నీ తీసేసి, మన ఎండలకు తట్టుకునేలా 105 డిగ్రీల రకం వేశారు. ఇప్పటి టీవీలో బొమ్మ స్పష్టంగా రావడానికి బొమ్మను టీవీ యాంటెన్నా సాకెట్‌కు పంపే మాడ్యులేటరు డబ్బాలోని కనెక్షన్ మార్చి, పసుపు రంగు ఏ.వి. సాకెట్‌కు నేరుగా కలిపారు. ఈ మార్పు చేసేముందు నన్ను అడిగారు, కావాలంటే మళ్లీ పాత పద్ధతిలోకి తేవచ్చని చూపించారు. పెద్దాయన మీద నాకు గురి కుదిరింది అక్కడే.

పనికి, విడిభాగాలకు కలిపి 1,800 రూపాయలు తీసుకున్నారు. మెంబ్రేన్ ఇంగ్లండు నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది కనుక దాని ఖర్చు నాదే. తీసేసిన ప్రతి భాగాన్నీ చిన్న కవరులో వేసి తిరిగి ఇచ్చారు.

లోపాలు లేవని చెప్పను. అన్నీ కలిపి ఏడు వారాలు పట్టింది, అందులో మూడు వారాలు మాత్రమే పార్శిలు వల్ల. ఫోను ఎత్తరు, ఫలానా రోజు రమ్మని ఖచ్చితంగా చెప్పరు. ఏమేం మార్చారో కాగితం మీద రాసివ్వమంటే నవ్వి ఊరుకున్నారు. చివరికి ఆయన చెబుతుంటే నేనే రాసుకున్నాను. పదేళ్ల తర్వాత ఈ బోర్డు మళ్లీ విప్పేవారికి ఆ కాగితం ఎంతో అవసరం కాబట్టి, ఈ విషయంలో ఆయన పద్ధతి మార్చుకోవాలని నా కోరిక.

ఆయన కంప్యూటరును అప్పగించిన రోజు నా పాత క్యాసెట్టు కూడా తీసుకెళ్లాను. మొదటిసారి టేప్ లోడింగ్ ఎర్రర్ అని వచ్చింది. భాయ్ రికార్డరు హెడ్డును స్పిరిట్‌తో తుడిచి, టేపులోని ప్రోగ్రాము కూత బాగా పదునుగా వినిపించేదాకా దాని పక్కనున్న చిన్న మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పారు. రెండోసారి తెర అంచుల్లో ఎరుపు, లేత నీలం చారలు, ఆ వెంటనే నీలం, పసుపు చారలు పరుగెత్తాయి. తెల్లటి తెర మధ్యలో నల్లగా కడప అని వచ్చింది. ప మీద ఆ ఖాళీ వరుస అలాగే ఉంది. భాయ్ కళ్లద్దాలు సవరించుకుని దగ్గరకు వచ్చి, "ఈ తలకట్టు ఎట్లా పెట్టినారు సార్" అని అడిగారు. బల్ల మీది బిల్లు పుస్తకం వెనకవైపున గడులు గీసి చూపించాను.

వెళ్లదలచుకున్నవారు అసలు అడాప్టరును, వీలైతే పాత టేప్ రికార్డరును కూడా వెంట తీసుకెళ్లండి. ఎండాకాలంలో ఆయనకు కూలర్లు, ఫ్యాన్లతోనే సరిపోతుంది కనుక దసరా తర్వాత వెళ్లడం మంచిది. శుక్రవారం మధ్యాహ్నం దుకాణం ఉండదు.