రాజీనా, రెండున్నర లక్షలా, కోర్టా? బండి గుద్దిన మనిషికి ఏది మేలు?

మా పెద్దమ్మ కొడుకు తాపీ మేస్త్రీ. రెండేళ్ల కిందట సంక్రాంతికి ముందు, పని ముగించుకొని సైకిల్ మీద ఇంటికి వస్తుండగా వెనుక నుంచి సరుకుల ఆటో గుద్దింది. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టడం పూర్తి కాకముందే ఆటో యజమాని తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఇరవై వేలు ఇస్తామన్నారు, ఆసుపత్రి ఖర్చు చూసుకుంటామన్నారు, కేసు మాత్రం వద్దన్నారు. వాళ్లు తెచ్చిన స్టాంపు కాగితం మీద ఒక్క అక్షరం లేదు. సంతకం చేస్తే చాలు, మిగతాది తర్వాత రాసుకుంటారట.

అన్న సంతకం పెట్టబోయాడు. వదిన పెన్ను లాక్కుంది. చట్టం తెలిసి కాదు, ఖాళీ కాగితం చూసి భయపడి. ఆ భయమే మమ్మల్ని కాపాడింది. తర్వాత ఆ కేసు వెంట నేనే తిరిగాను కాబట్టి, ఉన్న దారులను పక్కపక్కన పెట్టి చెబుతున్నాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. వాళ్ల ఇళ్లలో చాలామందికి ఈ లెక్క చెప్పే మనిషి ఉండడు.

మొదటిది రోడ్డు మీదో, ఆసుపత్రి వరండాలోనో జరిగే రాజీ. దీనికున్న బలం ఒక్కటే, డబ్బు అప్పుడే చేతికి వస్తుంది. మోకాలు చీరుకుపోయి, సైకిల్ చక్రం వంకరపోయి, వారంలో మామూలు మనిషి అయ్యే దెబ్బకు ఇది తప్పేమీ కాదు. నాలుగు వేలు తీసుకొని ఇంటికి పోవచ్చు. ఎముక విరిగినప్పుడు, తలకు దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఇది నష్టానికి అమ్ముకోవడమే. ఆ రాత్రి దెబ్బ లోతు ఎంతో డాక్టరుకే పూర్తిగా తెలియదు, ఇక మనం ధర ఎలా కడతాం? పైగా ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయను’ అని రాసిన కాగితం తర్వాత, ప్రమాద పరిహారం కేసులు తేల్చే ట్రిబ్యునల్‌లో మన మీదికే వస్తుంది.

ఆ రాత్రి మనిషిని సంతకం వైపు నెట్టేది ఆశ కంటే ఆసుపత్రి బిల్లు. ఇప్పుడు అందులో కొంత మార్పు వచ్చింది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, మోటారు వాహనం వల్ల గాయపడిన ఎవరికైనా ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల లోపు, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో రూ. 1.5 లక్షల వరకు చికిత్స దొరుకుతుంది. తప్పు ఎవరిదన్న ప్రశ్న అక్కడ లేదు. 112కు ఫోను చేస్తే దగ్గరలోని ఆసుపత్రి ఏదో చెప్పాలి. మా అన్నకు ఆ పథకం అందుబాటులో లేదు. ఉండి ఉంటే ఆ పెద్దమనుషులతో మాట్లాడే తీరే వేరుగా ఉండేది.

ఇక చట్టంలో ఉన్న రెండు ప్రధాన దారులు. మోటారు వాహనాల చట్టంలో 2019లో తెచ్చిన సవరణల్లో పరిహారానికి సంబంధించినవి 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సెక్షన్ 164 కింద అడిగితే చనిపోయినవారి కుటుంబానికి రూ. 5 లక్షలు, తీవ్ర గాయమైతే రూ. 2.5 లక్షలు. డ్రైవరు తప్పు నిరూపించనక్కర్లేదు. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. సెక్షన్ 166 కింద అడిగితే గరిష్ఠ పరిమితి లేదు. మన జీవితం ఎంత దెబ్బతిన్నదో లెక్కగట్టి ట్రిబ్యునల్ ‘న్యాయమైన పరిహారం’ ఇస్తుంది. కాకపోతే డ్రైవరు నిర్లక్ష్యం చూపించాలి, సాక్ష్యం పెట్టాలి, వాయిదాలకు తిరగాలి.

వినడానికి 164 దారే సుఖంగా ఉంటుంది. గుద్దిన బండి ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి ఆ మాటే చెబుతాడు: ‘రెండున్నర లక్షలు వెంటనే వస్తాయి, కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది.’ రెండూ నిజమే కావచ్చు. ఆయన చెప్పనిది ఇంకొకటి ఉంది. 164 కింద డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. ముందు ఇది పుచ్చుకొని తర్వాత అది అడుగుదామంటే కుదరదు.

అందుకే కాగితం మీద లెక్క వేసి చూడాలి. మా అన్న వయసు అప్పుడు 42. నెల సంపాదన రూ. 15,000 అని చూపగలిగాం. ఏడాదికి 1,80,000. సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేథీ కేసులో చెప్పిన ప్రకారం, సొంతంగా పని చేసుకునే 40 నుంచి 50 ఏళ్ల మనిషికి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 25 శాతం కలపాలి. అది 2,25,000 అయింది. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 41 నుంచి 45 ఏళ్ల వారికి గుణకం 14. గుణిస్తే 31,50,000. సంపాదించే శక్తిలో 30 శాతం పోయిందనుకుంటే 9,45,000. ఆసుపత్రి ఖర్చులు, మంచంలో ఉన్న నెలల కూలి, అనుభవించిన బాధ ఇవన్నీ దీనికి అదనం. ఆ రెండున్నర లక్షలు ఈ లెక్క పక్కన ఎక్కడ నిలుస్తాయి?

ఆ 30 శాతం దగ్గరే అసలు వాదన నడుస్తుంది. సదరం వైకల్య సర్టిఫికెట్‌లోనో, మెడికల్ బోర్డు కాగితంలోనో ఉన్న శాతం శరీరానిది. ట్రిబ్యునల్ చూడాల్సింది సంపాదన ఎంత తగ్గిందని. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విడమరిచింది: చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు, గుమాస్తాకు ఉద్యోగం నిలవవచ్చు. పరంజా ఎక్కి గోడ కట్టే మేస్త్రీకి కాలు వంగకపోవడం ఎలాంటిదో, ఆ పని కళ్లారా చూసిన మనిషి చేత సాక్ష్యం చెప్పించాలి. మేము అన్నతో పని చేసే కూలీనే తీసుకెళ్లాం. డాక్టరు సాక్ష్యం ఎంత పనికొచ్చిందో ఆయన మాటలూ అంతే పనికొచ్చాయి.

మరి 164 ఎవరికి మేలు? తప్పు పూర్తిగా తమదే అయినవారికి. చీకట్లో డివైడర్ దూకి పరుగెత్తినవారికి, నడిచేవారికి ఎర్ర లైటు ఉండగా రోడ్డు దాటినవారికి 166 కింద చేతికి ఏమీ రాకపోవచ్చు, వచ్చినా కోత పడి కొద్దిగా వస్తుంది. విరిగిన ఎముక పూర్తిగా అతుక్కొని, సంపాదన దెబ్బతినని వారికి కూడా 164 చాలు. అలాంటి కేసులో రెండున్నర లక్షలకు మించి రావడం కష్టం. ఇల్లు చూసుకునే ఆడవాళ్ల విషయంలో మాత్రం ‘ఆమెకు సంపాదన లేదు కదా’ అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఇంటి పనికి విలువ కట్టి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే ఈ రెండు దారులూ లేవు. సెక్షన్ 161 కింద మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50,000. దరఖాస్తు రెవెన్యూ అధికారి దగ్గర పెట్టుకోవాలి, మంజూరు కలెక్టరు చేస్తారు. 2022లో దేశంలో ఇలా గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387. 2022-23లో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205. సుప్రీంకోర్టే 2024 జనవరిలో ఈ లెక్కలు చూసి, బాధితులకు పథకం గురించి పోలీసులే చెప్పాలని ఆదేశించింది. అందుకే బండి నంబరు సగమే గుర్తున్నా రాసిపెట్టుకోవాలి, ఎదుటి కొట్టువాళ్ల కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే అడగాలి. బండి దొరికితే లక్షల తేడా వస్తుంది.

166 అనుకుంటే కొన్ని ఆచరణ విషయాలు. కేసు ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయనక్కర్లేదు, మనం ఉండే చోట కూడా వేయవచ్చు. హైదరాబాద్‌లో దెబ్బ తగిలిన శ్రీకాకుళం కూలీ తన జిల్లాలోనే ఓపీ (పరిహారం పిటిషన్) వేసుకోవచ్చు. చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. దాని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నా వాటిని నమ్ముకొని కూర్చోవద్దు. పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో వివర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారా అని మనమే అడుగుతూ ఉండాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడే రోడ్డు ప్రమాదమని చెప్పి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాయించాలి. ‘జారి పడ్డాడు’ అని రాసిన ఒక్క మాట మూడేళ్ల కేసును కూల్చగలదు. డ్రైవరుకు లైసెన్సు లేదని భయపడనక్కర్లేదు, అలాంటి కేసుల్లో ముందు ఇన్సూరెన్స్ కంపెనీ చేత కట్టించి, ఆ తర్వాత యజమాని దగ్గర రాబట్టుకొమ్మని ట్రిబ్యునళ్లు చెబుతుంటాయి.

వకీలు సంగతి. ‘వచ్చిన దాంట్లో ఇంత శాతం’ అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం, అయినా కోర్టు గేటు దగ్గర అందరూ మాట్లాడేది అదే. డబ్బు లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు.

చివరగా లోక్ అదాలత్. ఇది కూడా రాజీయే, కానీ ఆసుపత్రి వరండాలో జరిగే రాజీతో దీన్ని పోల్చకూడదు. ఇక్కడ ఎదురుగా న్యాయాధికారి ఉంటారు, మన చేతిలో లెక్క ఉంటుంది, కేసు నంబరు ఉంటుంది. తీర్పు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అప్పీలు లేకపోవడం కంపెనీకి ఎంత ఇబ్బందో మనకూ అంతే కాబట్టి, ఓపీ వేయకముందు, సర్టిఫికెట్ చేతికి రాకముందు అక్కడికి వెళ్లడం తొందరపాటే. మా కేసులో కంపెనీ మొదట రెండున్నర లక్షలు అంది. సాక్ష్యాలు అయ్యాక ఐదు అంది. లోక్ అదాలత్‌లో ఎనిమిది లక్షలకు ముగిసింది. పోరాడితే ఇంకా వచ్చేదేమో. అన్న ఇక తిరగలేనన్నాడు, నేనూ బలవంతపెట్టలేదు.

ఆసుపత్రి ఖర్చులు, కూలి లాంటి అదనాలన్నీ కలిపి లెక్కలో పన్నెండు లక్షల దాకా కనిపించిన మొత్తం ఎనిమిదికి దిగడానికి కారణం ఒకటి చెప్పాలి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో కంపెనీ వకీలు వేసిన మొదటి ప్రశ్న: ‘మీ సైకిల్‌కు వెనుక రిఫ్లెక్టర్ ఉందా?’ లేదు. రెండోది: ‘రోడ్డు మధ్యలో ఎందుకు వెళ్తున్నారు?’ ఎందుకంటే ఎడమ పక్కన సగం రోడ్డు దాకా ధాన్యం ఆరబోశారు. మా ఊళ్లో కోతల తర్వాత ప్రతి ఏటా అంతే. సైకిల్‌కు, నడిచేవాడికి మిగిలేది లారీల దారే. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అంది, మా ఊరి రోడ్డుకు అంచే లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు, బాగుంది, కానీ పాల క్యాన్లు కట్టుకొని వెళ్లేవాడు ఆ దారిలో పోడు.

ఫుట్‌పాత్ లేని చోట నడిచేవారు ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున నడవాలి. సైకిల్ మాత్రం ఎడమ పక్కనే పోవాలి. సాయంత్రం ముదురు రంగు చొక్కా వద్దు.

అన్న ఇప్పుడు పరంజా ఎక్కడం లేదు, కింద నిలబడి లెక్కలు చూస్తున్నాడు. బాగు చేయించిన ఆ సైకిల్‌ను కొడుకు తొక్కుతున్నాడు. వెనుక మడ్‌గార్డుకు మెరిసే ఎర్ర స్టిక్కరు వదినే అతికించింది. నలభై రూపాయలట.