తలల లెక్కా, పొయ్యిల లెక్కా?

2011 సెన్సస్ ప్రకారం పాత చిత్తూరు జిల్లా జనం 41,74,064. బడికి ఎన్ని గదులు, ఆస్పత్రికి ఎన్ని మంచాలు కావాలో చూడ్డానికి ఈ తలల లెక్క చాలు.

కుళాయి కనెక్షన్ల దగ్గరికొస్తే మాత్రం నా ఓటు కుటుంబాల లెక్కకే. సెన్సస్‌లో కుటుంబమంటే రక్తసంబంధం కాదు, ఒకే వంటగది. పలమనేరు పక్కన మా ఊళ్లో అన్నదమ్ములిద్దరిది ఒకే కప్పు, ఒకే వాకిలి. పొయ్యిలు మాత్రం రెండు. కాబట్టి ఇల్లు ఒకటే అయినా కుటుంబాలు రెండు. పిల్లలు బెంగళూరు వెళ్లిపోతే అవ్వ ఒక్కతే సంగటి కెలుక్కునే ఇల్లూ ఒక కుటుంబమే. తలలు పెరగకపోయినా పొయ్యిలు పెరుగుతాయి మరి!

అన్నట్టు, 2022లో జిల్లా చీలి తిరుపతి వేరైంది. ఇప్పటి చిత్తూరుకి ఆ పాత అంకె అంటించకండి.