బీరువా వెనుక రౌటరు, మేడ మీద టీవీ: రెండేళ్ల అనుభవం

2023 నవంబరు 19 ఆదివారం. అహ్మదాబాదులో ప్రపంచ కప్పు ఫైనల్, కోహ్లీ 54 మీద ఉన్నాడు. కావలిలో మా ఇంటి మేడ మీద, దసరాకు కొన్న 43 అంగుళాల స్మార్ట్ టీవీలో గుండ్రటి చక్రం తిరగడం మొదలైంది. ఎదురింటి వాళ్లది కేబుల్ టీవీ. అక్కడి నుంచి పదిమంది ఒక్కసారిగా "అయ్యో" అనడం వినిపించింది. మా చక్రం ఆగేసరికి కోహ్లీ తల దించుకుని మైదానం దాటుతున్నాడు. మా అమ్మ నా వైపు తిరిగి, "అంత డబ్బు పోసి కొన్నావు సరే, బొమ్మ ఎదురింటికి ముందు, మనకు వెనక వస్తోందెందుకు నాయనా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఈ రెండేళ్లలో కొన్నవి, బిగించినవి, పీకి అవతల పెట్టినవి ఎలా పని చేశాయో రాస్తున్నాను. టీవీ అదే, నెట్ కనెక్షనూ అదే. మారినవన్నీ ఆ రెంటికీ మధ్య ఉన్నవే.

ముందు ఇంటి సంగతి. కింద పాత ఇల్లు, పైన తర్వాత వేసిన మేడ. వీధి స్తంభం నుంచి వచ్చే ఫైబర్ తీగ మీటరు బోర్డు పక్కన గోడలోంచి ముందు గదిలోకి దిగుతుంది. రౌటరు అక్కడే చిన్న చెక్క అర మీద ఉండేది. టీవీ మేడ మీది హాల్లో. టేపు పెట్టి కొలిస్తే రెంటికీ నడుమ తొమ్మిది మీటర్లు కూడా ఉండదు.

టీవీ మెకానిక్ వచ్చాడు. తన ఫోను హాట్‌స్పాట్‌కు టీవీని కలిపి రెండు పాటలు ఆడించి, "టీవీ బంగారంలా ఉంది సార్, నెట్ వాళ్లను పిలవండి" అన్నాడు. మర్నాడు నెట్ కుర్రాడు వచ్చి, రౌటరు పక్కనే నిలబడి తన ఫోనులో వేగం ఎంబీపీఎస్‌లలో (సెకనుకు ఎన్ని మెగాబిట్లు) చూపించి, "190 వస్తోంది సార్, టీవీ వాళ్లను పిలవండి" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. మధ్యలో ఏముందో చూడటం మాత్రం ఇద్దరి పనీ కాదు.

ఆ పని నేనే పెట్టుకున్నాను. సిగ్నల్ కొలిచే ఉచిత యాప్ ఒకటి ఫోనులో వేసుకున్నాను. అది డీబీఎం అనే లెక్కలో, మైనస్ గుర్తుతో అంకె చూపిస్తుంది. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. పది తగ్గితే బలం పదో వంతుకు పడిపోయినట్టు. రౌటరు ముందు మైనస్ 38, మెట్ల మలుపులో మైనస్ 61, టీవీ ఎదుట నా కుర్చీలో మైనస్ 72. ఫోను పట్టుకున్న చేతిని టీవీ వెనుక, గోడకూ దానికీ మధ్య ఉన్న సందులోకి దూర్చి చూశాను. మైనస్ 79! వీడియో ఆగకుండా ఆడాలంటే మైనస్ 67 కన్నా దిగకూడదని ఈ పని తెలిసినవాళ్లు చెప్పే లెక్క. కుర్చీలో నా ఫోను బాగా నడుస్తోంది కదా అని ఇన్నాళ్లూ టీవీని తిట్టాను. పాపం, దాని యాంటెన్నా ఉన్నది ఆ సందులో.

ఇక మధ్యలో ఉన్నదేమిటంటే, మా పెళ్లినాటి ఇనుప బీరువా. ఆరున్నర అడుగుల ఎత్తు, తలుపుకు నిలువుటద్దం, లోపల పట్టుచీరలు, పాత దస్తావేజులు. రౌటరు ఉన్న అరకు అది అడ్డుగా నిలబడి ఉంది. చెక్క తలుపు, ఇటుక గోడ రేడియో తరంగాలను కొంత మింగి కొంత వదులుతాయి. ఇనుప రేకు వదలదు, వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పికొడుతుంది. అది దాటినా పైన శ్లాబు ఉంది, అందులో ఇనుప చువ్వల వల.

బీరువాను నాలుగు అడుగులు జరుపుదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "నైరుతిలో ఉత్తరం చూస్తూ ఉన్న బీరువాను టీవీ కోసం కదుపుతారా? మీ పెట్టెనే జరుపుకోండి" అంది. నిజానికి తేలికైన దారి అదే. ఫైబర్ తీగలో ఉండేది గాజు పోగు కాబట్టి దాన్ని నేను ముట్టుకోలేదు, పదునుగా మడిస్తే లోపలే విరుగుతుంది. నెట్ కుర్రాడు వచ్చి చుట్టగా కట్టి ఉంచిన మిగులు తీగ విప్పి, రౌటరును నడవలోకి, మెట్ల మొదట్లో ద్వారబంధం పైకి చేర్చాడు. టీవీ వెనుక అంకె మైనస్ 70కి వచ్చింది. గోడకు అతుక్కున్న టీవీని జానెడు ముందుకు లాగితే మరో రెండు మెరుగైంది. పది నిమిషాలకు ఒకసారి వచ్చే చక్రం గంటకు ఒకసారికి తగ్గింది. ఖర్చు లేదు, కుర్రాడికి టీ ఇచ్చామంతే. ఇన్ని చేసిన తర్వాత కూడా, పెట్టిన రూపాయికి దక్కిన ఫలితం చూస్తే దీనికే మొదటి మార్కు వేస్తాను.

వైఫై ఛానల్, అంటే సిగ్నల్ నడిచే దారి, మార్చడం రెండో పని. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో (ఫ్రీక్వెన్సీ బ్యాండులో) ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచే దారులు 1, 6, 11 మాత్రమే. యాప్‌లో చూస్తే మా వీధిలో పద్నాలుగు వైఫై పేర్లు కనిపించాయి, తొమ్మిది 6 మీదే. సంత రోజున ట్రంకు రోడ్డులా ఉంది. రౌటరు అడుగున అంటించిన కాగితంలోని అంకెలు బ్రౌజరులో కొట్టి, రౌటరు సెట్టింగుల్లోకి వెళ్లి 11కు మార్చి, దారి వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాను. సాయంత్రాలు కాస్త ఊపిరి ఆడింది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కానీ గోడలన్నా శ్లాబన్నా దానికి భయం. రెండు పట్టీలకూ ఒకే పేరు ఉన్నన్నాళ్లు టీవీ ఒకదాని నుంచి మరొకదానికి గెంతుతూ, గెంతిన ప్రతిసారీ ఆగేది. పేర్లు విడగొట్టి టీవీని 2.4కే కట్టేశాక ఆ గెంతులు పోయాయి. పాలు వేడి చేయడానికి మైక్రోవేవ్ పెట్టినప్పుడు మాత్రం బొమ్మ తడబడేది. ఆ పొయ్యి పని చేసేదీ దాదాపు అదే 2.4 దగ్గర, ఎంత మూసినా కొంత బయటికి కారుతుంది.

ఇంతలో తుపాను. మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అంతకు రెండు రోజుల ముందు నుంచే వాన, గాలి, కరెంటు లేదు. కరెంటు తిరిగి వచ్చాక టీవీ కొత్త వింత చూపించింది. వైఫై కలిసింది అంటుంది, ఇంటర్నెట్ లేదు అంటుంది. ఫోనుల్లో మాత్రం అంతా మామూలే. రౌటరును మూడుసార్లు ఆపి వేశాను, పాస్‌వర్డు మళ్లీ కొట్టాను, టీవీని మొదటి స్థితికి తీసుకెళ్లడానికి కూడా సిద్ధపడ్డాను. అదృష్టం కొద్దీ ఆ సెట్టింగులు వెతుకుతుంటే తేదీ కంటపడింది. 2019 జనవరి 1! వెబ్‌సైట్లు చూపించే భద్రతా సర్టిఫికెట్లకు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది. 2019లో బతుకుతున్న టీవీకి 2023లో పుట్టిన సర్టిఫికెట్ దొంగదిగా కనిపించి తలుపు తీయలేదు. తేదీ, సమయం చేత్తో సరిచేస్తే నిమిషంలో అన్నీ తెరుచుకున్నాయి. తర్వాత మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టాను. కరెంటు ఎక్కువసేపు పోయి వచ్చిన రోజున ఇప్పటికీ ముందు తేదీ చూస్తాను, ఆ తర్వాతే రౌటరును అనుమానిస్తాను.

సంక్రాంతికి మా అల్లుడు హైదరాబాదు నుంచి వైఫై ఎక్స్‌టెండరు తెచ్చాడు. "దీన్ని ప్లగ్గులో గుచ్చితే చాలు మామయ్యా, మేడంతా సిగ్నలే" అన్నాడు. అల్లుడు తెచ్చినదానికి వంక పెట్టకూడదు గనుక నాలుగు నెలలు వాడాను. టీవీలో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. అది వినడానికీ చెప్పడానికీ ఒకే నోరు ఉన్న మనిషిలాంటిది. రౌటరు మాట విని, ఆగి, అదే పట్టీలో టీవీకి చెప్పాలి. వేగం దాదాపు సగానికి పడుతుంది. మొదట నేను టీవీ పక్కనే గుచ్చాను, అది ఇంకా పెద్ద తప్పు. తనకే సరిగా వినపడని చోట కూర్చున్నవాడు ఇంకొకరికి ఏం చెబుతాడు? మెట్ల మలుపులోకి మార్చాక నయమైంది. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటరు కన్నా ముందే ఇది లేచి, ఎవరూ దొరక్క బిక్కమొహం వేసేది. పీకి మళ్లీ గుచ్చాల్సిందే. ఇప్పుడది వరండాలో ఫోనుల కోసం ఉంది, ఆ పనికి బాగానే ఉంది.

చివరికి మే నెలాఖరులో, రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో, రౌటరు నుంచి టీవీ దాకా తీగ వేయించాను. ముందే వేయించి ఉండాల్సింది. టీవీ గోడ దిగి ఎక్కడికీ వెళ్లదు. ఫోను చేతిలో తిరుగుతుంది కాబట్టి దానికి గాలిలో సిగ్నల్ కావాలి. మేకుకు వేలాడే వస్తువుకు ఎందుకు?

క్యాట్ 6 అనే నెట్‌వర్కు తీగ పాతిక మీటర్లు తీసుకున్నాం. దుకాణంలో రెండు ధరలు చెప్పారు. ఎందుకా తేడా అని అడిగితే, వెంట వచ్చిన ఎలక్ట్రీషియన్ చవక దాని కొస కోసి, ఒక పోగును బ్లేడుతో గీకి చూపించాడు. పైన రాగి రంగు, గీకిన చోట తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. రెండుసార్లు వంచితే పుటుక్కున విరిగింది. రెండో దాని పోగు గీకినా ఎర్రగానే ఉంది. అదే కొన్నాం, మీటరుకు పది రూపాయలు ఎక్కువైనా.

దారి విషయంలో అతను మొండి మనిషి. కరెంటు వైర్లు ఉన్న పైపులోనే దూర్చేయమంటే ససేమిరా అన్నాడు. ప్రమాదం ఒకటి, కరెంటు వైర్ల వల్ల సిగ్నల్‌కు కలిగే అలజడి ఒకటి. సన్‌షేడ్ కింద నుంచి వేరే పైపు కొట్టి, మెట్ల పక్క గోడకు రంధ్రం చేసి, బయట ఎండ తగిలే చోట తీగ కనిపించకుండా పూర్తిగా పైపులోనే లాగాడు. ఎండ ఒక్కటే భయం కాదు, మా జామ చెట్టు మీద ఉడతలు ఉన్నాయి.

కొసల దగ్గర ఒక గంట పోయింది. ఎనిమిది పోగులను వరసలో పేర్చాలి: నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. కళ్లజోడు పెట్టుకుని అతను, టార్చి పట్టుకుని నేను. క్లిప్పు నొక్కి పరీక్ష పెట్టెకు తగిలిస్తే లైట్లు ఒకటి, రెండు వెలిగాయి, మూడు వెలగలేదు, నాలుగు, ఐదు వెలిగాయి, ఆరు వెలగలేదు. ఆకుపచ్చ జత లోపలి దాకా దిగలేదు. టీవీలో ఉన్నది 100 ఎంబీపీఎస్ పోర్టు, దానికి అవసరమైనవి 1, 2, 3, 6 పోగులే. అందులో రెండు లేవు కాబట్టి తీగ గుచ్చినా టీవీ గుర్తించదు. క్లిప్పు కోసేసి మళ్లీ కొట్టాక ఎనిమిదీ వరసగా వెలిగాయి. తీగ, పైపు, కూలి కలిపి 1,900 రూపాయలు అయింది.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు కాబట్టి చెబుతున్నాను. తీగ వేశాక టీవీలో వేగం కొలిస్తే 94 వచ్చింది. రౌటరు పక్కన ఫోనులో వైఫై మీద 190. "డబ్బు పోసి వేగం సగం చేసుకున్నావా?" అని మా తమ్ముడు నవ్వాడు. 4కే అనే బాగా స్పష్టమైన వీడియోకు కావలసింది 15 నుంచి 25. 94 కదలకుండా 94గా ఉంటే మనకు చాలు. చక్రం తిప్పేది 190 కాసేపు, 3 కాసేపు వచ్చే కనెక్షన్. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు మా ఇంట్లోని లోపం వల్ల చక్రం ఒక్కసారీ తిరగలేదు. కనబడిన మూడు నాలుగు సార్లూ ల్యాప్‌టాప్‌ను నేరుగా రౌటరుకు తగిలించి చూశాను, అక్కడా వేగం లేదు. ఆ లోపం వీధి అవతల, మనం చేయగలిగింది ఫోను కొట్టడమే.

ఒక్క చిరాకు మిగిలింది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో రౌటరు ఆరిపోయి, మళ్లీ లేవడానికి మూడు నిమిషాలు తీసుకునేది. రౌటరుకు పెట్టే చిన్న యూపీఎస్ 1,300 పెట్టి కొన్నాను. మాది 12 వోల్టుల రౌటరు. కొనేటప్పుడు అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు రెండూ సరిపోల్చుకోవాలి. ఏడాదిన్నర అయింది, మొదట నాలుగు గంటలు ఆగే బ్యాటరీ ఇప్పుడు రెండున్నర ఆగుతోంది. నాకు కావలసింది ఆ రెప్పపాటు గనుక ఫిర్యాదు లేదు.

2024 జూన్ 29 రాత్రి బార్బడోస్‌లో టీ20 ఫైనల్. తీగ వేసి నెల అయింది, బొమ్మ అద్దంలా ఉంది, ఒక్కసారి ఆగలేదు. చివరి ఓవరు. మా తెర మీద పాండ్యా ఇంకా బంతి తుడుచుకుంటున్నాడు, ఎదురింట్లో కేక లేచింది. అర నిమిషం తర్వాత మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ తాడు దగ్గర పట్టడం మాకు కనిపించింది. నెట్ ద్వారా వచ్చే ప్రసారం ముక్కలుగా కట్టుకుని, కొంత నిల్వ చేసుకుని వస్తుంది కాబట్టి కేబుల్ కన్నా వెనకే ఉంటుంది. దానికి నా దగ్గర మందు లేదు. అమ్మ మళ్లీ అదే ప్రశ్న వేసింది. మ్యాచ్ ఉన్న రోజు ఇప్పుడు వీధి వైపు కిటికీలు మూసి కూర్చుంటున్నాం.