క్రాకో నుంచి బుడాపెస్ట్ దాకా: యుద్ధం గెలిచి ఎవరిని కాపాడారు?

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగానికి వచ్చి ఆరేళ్లయినా పోలండ్ వైపు ఎప్పుడూ వెళ్లలేదు. కిందటి అక్టోబర్ చివర్లో మా ఆవిడకీ నాకూ సెలవులు కలిసొచ్చాయి. చిన్నప్పుడు సోషల్ పాఠంలో చదివింది నాకు గుర్తున్నంతవరకు ఇంతే: హిట్లర్ ఓడిపోయాడు, యూదులు బతికి బయటపడ్డారు. అందులో నిజమెంతో కళ్లతో చూడాలనిపించి క్రాకో, ఆష్విట్జ్, లుబ్లిన్, బెవ్‌జెట్స్, బుడాపెస్ట్ అని దారి వేసుకున్నాం.

క్రాకోలో నది అవతల, పాత ఘెట్టో (నాజీలు యూదులని కుక్కి ఉంచిన వాడ) ఉన్న పేటలో చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఊరి నడిబొడ్డున ఉన్న హోటళ్ల కన్నా అద్దె తక్కువ, వంటగది ఉంది, ట్రామ్ దగ్గర్లోనే. ఘెట్టో చౌరస్తాలో పెద్ద పెద్ద ఖాళీ లోహపు కుర్చీలు పెట్టారు. ఒకప్పుడు మనుషుల్ని పోగుచేసి రైళ్లకి పంపిన చోటు అది. పొద్దున ఆఫీసులకి వెళ్లేవాళ్లు ఆ కుర్చీల మధ్యే ట్రామ్ కోసం నిలబడి ఉంటారు. మా ఆవిడ శాకాహారి. 'పాల బార్లు' అనే సాదా క్యాంటీన్లలో బంగాళాదుంప, జున్ను కూరిన పీరోగీలు (ఉడికించిన కజ్జికాయల్లాంటివి) చవకగా దొరికాయి. పైన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి.

నాజీల హత్యా క్యాంపు ఆష్విట్జ్‌కి బస్సులో గంటన్నర. మేము ఒక ఏజెన్సీలో బుక్ చేసుకుని పొరపాటు చేశాం. తొమ్మిదింటి టూర్ కాస్తా, ముందురోజు రాత్రి పదింటికి 'తెల్లవారి ఆరింటికే రండి' అని మెసేజ్. ఒకటే టెన్షన్. మీరు మ్యూజియం సొంత సైట్‌లోనే కొన్ని వారాల ముందు బుక్ చేసుకోండి. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి, పెద్ద బ్యాగులు తేవద్దు. మ్యూజియం గైడ్ మాత్రం చాలా బాగా చూపించింది. గొంతు పెంచలేదు, ఎవర్నీ తొందరపెట్టలేదు. ఆష్విట్జ్‌లోనే భాగమైన బిర్కెనావ్ క్యాంపులో కూలిన గ్యాస్ చాంబర్ల దగ్గర ఆగి లెక్క చెప్పింది. ఇక్కడ చనిపోయినవాళ్లు దాదాపు 11 లక్షలు, అందులో సుమారు 10 లక్షల మంది యూదులు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేసరికి మిగిలింది సుమారు 7,000 మంది. అంతకు వారం పది రోజుల ముందే, నడవగలిగినవాళ్లని యాభై వేలకు పైగా మంచులో పడమటికి తోలుకుపోయారు.

1944 ఆగస్టు 20న అమెరికా విమానాలు ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్ల లోపున్న మోనోవిట్జ్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేశాయి. గ్యాస్ చాంబర్లను గురిపెట్టి మాత్రం ఒక్కసారీ వేయలేదు. వేస్తే ఖైదీలే చచ్చేవారన్న వాదన ఉంది, కాదనను. కానీ అంత దగ్గరికి వచ్చారన్న మాట విన్నాక నాకు ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

లుబ్లిన్‌కి రైల్లో దాదాపు నాలుగు గంటలు. మేము దిగింది నవంబర్ 1న. పోలండ్‌లో ఆ రోజు పెద్దల పండగ, షాపులన్నీ బంద్, శ్మశానాల నిండా దీపాలే. తినడానికి ఏమైనా ముందురోజే కొని పెట్టుకోండి. పాత ఊళ్లో తీసుకున్న గది ఇరుకు, హీటర్ సరిగ్గా పనిచేయలేదు. డబ్బులు కొంచెం ఎక్కువైనా స్టేషన్ దగ్గర ఉండాల్సింది. మైదానెక్ క్యాంపు ఊరి అంచునే ఉంది, టికెట్ లేదు. 1943 నవంబర్ 3న ఒక్క రోజులో అక్కడ సుమారు 18,000 మంది యూదులను కాల్చేశారు. సోవియట్ సైన్యం వచ్చింది 1944 జూలైలో.

ఇంకో హత్యా క్యాంపు ఉన్న బెవ్‌జెట్స్‌కి లుబ్లిన్ నుంచి కారులో రెండు గంటలు. బస్సులని నమ్ముకోకండి, కారు అద్దెకి తీసుకోండి. ఇక్కడా టికెట్ లేదు. మేము వెళ్లినప్పుడు మనుషులే లేరు. క్యాంపు ఉన్న వాలు మొత్తం నల్లటి చిట్టెం పరిచారు. మధ్యలో నేలని చీల్చినట్టు ఒక సన్నటి దారి. నడుస్తుంటే రెండు పక్కలా గోడలు పెరుగుతూ పోతాయి, కాసేపటికి రోడ్డు మీద లారీల చప్పుడు కూడా వినపడదు. చుట్టూ అంచున ఊళ్ల పేర్లు ఇనప అక్షరాల్లో ఉన్నాయి, జనాన్ని తీసుకొచ్చిన నెలల వరుసలో. అక్షరాల తుప్పు సిమెంటు మీదికి కారి ఎర్రటి చారలు కట్టింది. మా ఆవిడ మార్చి దగ్గర మొదలుపెట్టి డిసెంబర్ దాకా ఒక్కో పేరూ చదువుకుంటూ నడిచింది. చుట్టు తిరగడానికి గంట పట్టింది. అంతా ఒకే సంవత్సరం, 1942. పది నెలలు, నాలుగు లక్షలకు పైగా ప్రాణాలు. బతికి బయటపడినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1943 వేసవి నాటికి శవాలని తవ్వి కాల్చేసి, క్యాంపు పీకేసి, చెట్లు నాటారు. సోవియట్ సైన్యం వచ్చేసరికి విడిపించడానికి ఇక్కడ మనిషి లేడు.

యుద్ధం గెలవడమే రక్షణ, వేరే దారి లేదు అని బ్రిటన్, అమెరికా అంటూ వచ్చాయి. శరణార్థుల గురించి మాట్లాడటానికి అవి బెర్ముడా దీవుల్లో కూర్చున్నది 1943 ఏప్రిల్ 19న. వార్సా ఘెట్టోలోని యూదులు నాజీల మీద తిరగబడింది కూడా సరిగ్గా అదే రోజు. ఈ వాలు మీద హత్యలు ముగిసి అప్పటికే నాలుగు నెలలు. ఆ మాట అక్కడ నిలబడి తలుచుకుంటే చాలా కోపం వచ్చింది.

కోపంతోనే వెళ్లిపోయి ఉంటే సగమే చూసినట్టయ్యేది. క్రాకోకి తిరిగొచ్చి రాత్రి బస్సులో బుడాపెస్ట్ చేరాం. నిద్ర పట్టదు, కుదిరితే రైలుకి వెళ్లండి. ఈ ఊళ్లో ఒక్క చోటికే టైముంటే దోహాన్ వీధి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) చూడండి. శనివారం మూస్తారు. టికెట్ కాస్త ఎక్కువే, కానీ గైడ్ కూడా అందులోనే వస్తారు. 1944 వేసవిలో రెండు నెలల్లోపే 4,30,000 మందికి పైగా హంగరీ యూదులని రైళ్లెక్కించారు, ఎక్కువమంది ఆష్విట్జ్‌కే. రాజధాని వంతు రాకముందే రైళ్లు ఆగాయి. ఆ చలికాలం ఈ చుట్టుపక్కల వీధులకి గోడ కట్టి సుమారు 70,000 మందిని కుక్కారు. 1945 జనవరి 18 నాటికి సోవియట్ సైన్యం ఇక్కడికి చేరింది. ఇంకొన్ని వారాలు ఆలస్యమైతే ఇదీ ఇంకో బెవ్‌జెట్సే అయ్యేది. గెలుపు నిజంగా కాపాడింది ఇలా ఇంకా ఊపిరితో ఉన్నవాళ్లని. వాళ్ల కోసం జరిగిన యుద్ధం కాదు, అయినా కాపాడింది.

సినగాగ్ ఆవరణలోనే ఆ చలికి, ఆకలికి పోయిన రెండు వేల మందికి పైగా సమాధులు ఉన్నాయి. గైడ్‌కి యాభై దాటి ఉంటాయి. 'మా అమ్మకి అప్పుడు నాలుగేళ్లు, ఈ వెనక వీధిలోనే ఉంది' అంది. వాళ్ల తాత గురించి మా ఆవిడ అడిగింది. గైడ్ ఒక పలక ముందుకి తీసుకెళ్లి, దాని మీది ఐవీ తీగని పక్కకి జరిపి, పేరు చూపించింది.