ఇల్లెందుకు ఒక పూట చాలదు

ఖమ్మంలో రైలు దిగి ఇల్లెందు బస్సు ఎక్కేసరికి తెల్లవారింది. సుమారు 50 కిలోమీటర్ల దారి. పక్క సీటులోని పెద్దావిడ "బొగ్గుట్టకేనా బాబూ?" అని అడిగింది. ఈ చుట్టుపక్కల పాతతరం వాళ్లకు ఇల్లెందు ఇప్పటికీ బొగ్గుట్టే. ఆ పేరు చెవిన పడగానే రాత్రి ప్రయాణం బడలిక సగం తీరిపోయింది.

మా మేనమామ ఇక్కడి భూగర్భ బొగ్గు గనుల్లో మైనింగ్ సర్దారుగా, అంటే కార్మికుల భద్రత చూసే పర్యవేక్షకుడిగా, చేసి రిటైరయ్యాడు. ఊరు చూపించమని ఆయన్నే పట్టుకున్నాను. మీరు వెళ్లినా ముందు అలాంటి మనిషి ఒకరిని వెతుక్కోండి. ఇక్కడి చరిత్ర ఎక్కువగా పేటల పేర్లలోనే ఉంది. నంబర్ 2 బస్తీ, 24 ఏరియా, స్ట్రట్‌పిట్ బస్తీ... బొగ్గు గనిని ఇక్కడ బావి అంటారు, ఆ బావి పేరే బస్తీకి పేరైంది. బావులు మూతపడినా చిరునామాల్లో ఇంకా నడుస్తున్నాయి.

పాత బస్తీలో ఒక టీ కొట్టు ముందు కూర్చున్నాం. పొయ్యిలో బొగ్గే మండుతోంది. పొయ్యి రాళ్లుగా పెట్టిన నల్లరాళ్లే అంటుకుని మండాయనీ, బొగ్గు అలా బయటపడిందనీ ఇక్కడ కథగా చెప్పుకుంటారు. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును గుర్తించింది 1871లో. ప్రధానమైన బొగ్గు పొరను నేటికీ 'కింగ్ సీమ్' అంటారు. తవ్వకం హక్కులు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి, మూడేళ్లకు తవ్వకం మొదలైంది. ఆ పునాది మీదే 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ ఏర్పడింది. పేరు మాత్రం దగ్గర్లోని సింగరేణి గ్రామానిది. "పుట్టింది ఇక్కడ, పేరు పక్క ఊరిది, ఆఫీసు కొత్తగూడెంలో" అన్నాడు మామయ్య టీ గ్లాసు కింద పెడుతూ. ఆ మాటలో నొప్పి ఉంది. కొత్తగూడెంలోనూ గోదావరిఖనిలోనూ కంపెనీ క్లబ్బులను 'ఇల్లందు క్లబ్' అంటారు కదా, తల్లిఊరి గుర్తు ఆ మాత్రమైనా నిలిచిందని నాకనిపించింది.

మధ్యాహ్నం మామయ్య ఇంట్లో అటక మీద నుంచి దింపిన దీపం చూశాను. బరువైన ఇత్తడి దీపం, గాజు చుట్టూ కడ్డీలు, పైన సన్నని జాలీ. గనిలో మీథేన్ ఉంటే మంట చుట్టూ నీలిరంగు టోపీలా కనబడుతుందట. ప్రాణవాయువు తగ్గితే మంట కుంగిపోతుంది. ఆ రెండూ కనిపెట్టి మనుషులను వెనక్కు పంపడం సర్దారు పని. తర్వాత చేతికర్రతో పైకప్పును కొట్టి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. "ఆ చప్పుడు వినడానికి అందరం మాటలాపేవాళ్లం" అని గోడ మీద వేలితో కొట్టి చూపించాడు. ఈ యాత్ర మొత్తంలో నాకు దక్కిన గొప్ప దృశ్యం అదే.

సాయంత్రం మూతపడిన ఒక బావి దగ్గరికి నడిచాం. లోపలికి వెళ్లే వీల్లేదు, వెళ్లకూడదు కూడా. ముఖద్వారం గోడ కట్టి మూసేశారు, ముళ్లపొదలు పెరిగాయి. పక్కనే మైసమ్మ గుడి ఉంది. షిఫ్టుకు దిగేముందు కార్మికులు దండం పెట్టుకున్న తల్లి. బావి ఆగినా గడపకు పసుపు తాజాగా ఉంది, కొబ్బరి చిప్పలు ఆ ఉదయంవే. మామయ్య చెప్పులు విప్పి చాలాసేపు నిలబడ్డాడు. సింగరేణి మొత్తంలో ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. ఇల్లెందు ఏరియాలో ఇక పైనుంచి యంత్రాలతో తవ్వే ఓపెన్‌కాస్టు గనులదే పని. బొగ్గు తగ్గలేదు, మనుషులే తగ్గారు.

బస విషయానికొస్తే, ఇల్లెందులో మాకు కలిసిరాలేదు. ఫోనులో ఖాయం చేసుకున్న గదిని పెళ్లివారికి ఇచ్చేశామన్నారు, క్షమించమని ఒక్క మాటైనా అనలేదు. రాత్రికి కొత్తగూడెం చేరి స్టేషను దగ్గర గది తీసుకున్నాం. గది చిన్నదే అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు అడిగిన వెంటనే ఇచ్చారు. ఆ స్టేషను పేరు భద్రాచలం రోడ్, టికెట్టు తీసుకునేటప్పుడు కొత్తవాళ్లు కొత్తగూడెం కోసం వెతుక్కుంటారు. భోజనాలకు ఇక్కడే ఎక్కువ హోటళ్లున్నాయి. టీకి మాత్రం ఇల్లెందుదే పైచేయి.

మరునాడు కిన్నెరసాని జలాశయానికి వెళ్లాం. చల్లగా, అందంగా ఉంది. పిల్లలున్నవాళ్లు తప్పక వెళ్లండి. నాకైతే ఆ పూట కూడా బొగ్గుట్టకే ఇవ్వాల్సిందనిపించింది. జేకే కాలనీ చూడనేలేదు, మామయ్య పాత సహచరులు ఇద్దరు కలుస్తామన్నా సమయం చాలలేదు. సింగరేణి దినోత్సవానికి, డిసెంబరు 23న, మళ్లీ వెళ్తున్నాను. ఈసారి రెండు రాత్రులూ మామయ్య ఇంట్లోనే.