ఇన్‌హేలరా, నెబ్యులైజరా?

చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల ఆస్తమా ఉన్న ఇళ్లలో ఎప్పుడూ నలిగే ప్రశ్న ఇది. ముందు మందు చేరాల్సిన చోటు చూద్దాం. పెద్ద శ్వాసనాళాలకు మృదులాస్థి దన్నుగా ఉంటుంది. 1 మిల్లీమీటరు కంటే సన్నని బ్రాంకియోల్స్‌కు (ఊపిరితిత్తుల లోపలి చిన్న గొట్టాలకు) అది ఉండదు. గోడలోని నునుపు కండరం బిగుసుకుంటే దారి మూసుకుపోతుంది. అంత లోపలికి వెళ్లగలిగేవి సుమారు 1–5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర్లే, అంతకంటే పెద్దవి గొంతులోనే ఆగిపోతాయి.

ఖర్చు: ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం స్పేసర్ కలిపినా నెబ్యులైజర్ (మందును తుంపర్లుగా మార్చే మిషన్) కంటే చవక.

శ్రమ: ఇన్‌హేలర్ బాగా ఊపి, స్పేసర్‌లోకి ఒక పఫ్ కొట్టి, మెల్లగా పీల్చి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. చాలామంది తడబడేది ఇక్కడే. నెబ్యులైజర్‌కు మామూలుగా ఊపిరి తీస్తే చాలు. కాకపోతే టైమ్ ఎక్కువ, కరెంటు కావాలి.

రిస్క్: మిషన్ కప్పు కడిగి ఆరబెట్టకపోతే క్రిములు చేరతాయి. స్టిరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించాలి.

మిషన్‌కే పవర్ ఎక్కువని మనవాళ్ల నమ్మకం. మామూలు ఆయాసానికి ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో సరిగ్గా పీలిస్తే అదీ అంతే బాగా పనిచేస్తుంది. రాతిదుమ్ముతో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను మాత్రం రెండూ నయం చేయలేవు.

పనికెళ్లేవాళ్లకు, ఒంగోలు బస్సెక్కే పిల్లలకు ఇన్‌హేలరే నయం. చెప్పినట్టు పీల్చలేని ముసలివాళ్లకు నెబ్యులైజర్. మాట పూర్తిచేయలేనంత ఆయాసమైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.