మూడేళ్లుగా నా బల్ల మీదున్న న్యూక్లియో బోర్డు

ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ తయారుచేసే న్యూక్లియో-ఎఫ్446ఆర్‌ఈ అనే మైక్రోకంట్రోలర్ బోర్డు (మనం రాసిన ప్రోగ్రామ్‌తో ఎల్‌ఈడీలు, సెన్సార్లు నడిపే చిన్న చిప్ ఉన్న బోర్డు) కొని మూడేళ్లు దాటింది. అంతకుముందు రెండేళ్లు కొత్తవాళ్లు ఎక్కువగా వాడే ఆర్డుయినో ఊనో బోర్డుతో పనిచేశాను, దాని మీద ఇప్పటికీ ఇష్టమే. కానీ ఒక ఇంటర్వ్యూలో "డిజిటల్‌రైట్ అని రాస్తే లోపల ఏ రిజిస్టర్ మారుతుంది?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. డిజిటల్‌రైట్ అంటే ఆర్డుయినోలో పిన్‌ను ఆన్, ఆఫ్ చేసే ఆదేశం, రిజిస్టర్ అంటే చిప్‌లోని భాగాలను అదుపు చేసే బిట్ల గడి. అది తెలుసుకోవాలనే ఈ బోర్డు తెప్పించుకున్నాను.

కార్టెక్స్-ఎం4 కోర్ (చిప్‌లోని ప్రాసెసర్), గరిష్ఠంగా 180 మెగాహెర్ట్జ్ వేగం, 512 కేబీ ఫ్లాష్, 128 కేబీ ర్యామ్. ఊనోలో ర్యామ్ 2 కేబీయే. అయితే నేర్చుకునేవాళ్లకు ఈ అంకెల కంటే బోర్డు పైభాగంలో ఉన్న ఎస్‌టీ-లింక్ ముఖ్యం. అది డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మనకు కావలసిన లైను దగ్గర ఆపి, ఏ వేరియబుల్‌లో ఏముందో, ఏ రిజిస్టర్‌లో ఏ బిట్ పడిందో చూపిస్తుంది. విడిగా కొనక్కర్లేదు, బోర్డుతోనే వస్తుంది.

దాని విలువ మొదటి వారమే తెలిసింది. బోర్డు మీది ఆకుపచ్చ ఎల్‌ఈడీ పీఏ5 పిన్‌కు ఉంటుంది. లైబ్రరీలేవీ (ముందే రాసిపెట్టిన కోడ్) లేకుండా దాన్ని వెలిగిద్దామని కూర్చుంటే రెండు సాయంత్రాలు పట్టింది. కోడ్‌లో తప్పేమీ కనబడలేదు. ప్రోగ్రామ్ ఆపి చూస్తే, పోర్ట్-ఏ (పీఏ పిన్నుల గుంపు) మోడ్ రిజిస్టర్‌లో, అంటే పిన్ ఇన్‌పుటా అవుట్‌పుటా అని చెప్పే చోట, నేను ఏం రాసినా సున్నాలే ఉన్నాయి. ఈ చిప్‌లో కరెంటు ఆదా కోసం ప్రతి పోర్ట్‌కూ క్లాక్ (దాన్ని నడిపే టిక్‌టిక్ సంకేతం) ఆపి ఉంచుతారు, ముందు దాన్ని ఆన్ చేస్తేనే రాసింది నిలబడుతుంది. రిఫరెన్స్ మాన్యువల్‌లో ఆ ఒక్క బిట్ గురించి చదివి, ఒక లైను చేర్చాను. ఎల్‌ఈడీ వెలిగింది. కాలేజీలో 8051 (పాత మైక్రోకంట్రోలర్) ల్యాబ్ రికార్డు మొత్తం రాసినా అంత సంతోషం కలగలేదు.

ఆ వెంటనే ఇంకో చిక్కు. మోడ్ రిజిస్టర్‌లో నాకు కావలసిన రెండు బిట్లే మార్చకుండా, రిజిస్టర్ మొత్తానికీ కొత్త విలువ రాసేశాను. డీబగ్గర్ వాడే పీఏ13, పీఏ14 కూడా అదే పోర్ట్‌లో ఉంటాయి కాబట్టి ఎస్‌టీ-లింక్‌కు చిప్‌తో సంబంధం తెగిపోయింది. బోర్డు పోయిందనుకుని చాలా టెన్షన్ పడ్డాను. పోలేదు. కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో 'కనెక్ట్ అండర్ రీసెట్' (చిప్‌ను రీసెట్‌లో ఉంచి కలుపు) ఎంచుకుంటే మళ్లీ దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ మాట ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

కంప్యూటర్‌కు అక్షరాలు పంపే సీరియల్ పోర్ట్ విషయంలోనూ అంతే. రీసెట్ తర్వాత చిప్ 16 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. 115200 బాడ్ రేటుకు (సెకనుకు అన్ని బిట్లు పంపే వేగం) 16000000ను 115200తో భాగించి, దాని రిజిస్టర్‌లో 139 అని రాశాను, అక్షరాలు చక్కగా వచ్చాయి. తర్వాత వేగం 180కి పెంచగానే తెర నిండా పిచ్చి గుర్తులు. ఆ సీరియల్ పోర్ట్‌కు అందేది 180 కాదు, 45 మెగాహెర్ట్జ్. అక్కడ 391 రాయాలి. మాన్యువల్‌లో ఏ భాగానికి ఎంత వేగం అందుతుందో చూపే క్లాక్ ట్రీ బొమ్మను ప్రింట్ తీసి గోడకు అంటించుకున్నది అప్పుడే.

కోడ్ రాసి బోర్డులోకి ఎక్కించడానికి ఎస్‌టీ ఇచ్చే క్యూబ్ ఐడీఈ ఉచితం. వాళ్లదే క్యూబ్ఎంఎక్స్‌లో పిన్నులు ఎంచుకుంటే కోడ్ అదే రాసిపెడుతుంది. దాన్ని మొదటి రోజు నుంచే వాడకండి. పిన్నులు, టైమర్, సీరియల్ పోర్ట్, ఇంటరప్ట్ (ఏదైనా జరగగానే నడుస్తున్న పని ఆపి దాన్ని చూడటం) - ఈ నాలుగూ ఒక్కసారైనా రిజిస్టర్లతో చేయండి. ఆ తర్వాత రిజిస్టర్ల పని మన తరఫున చేసే ఎస్‌టీ వాళ్ల హాల్ లైబ్రరీ వాడితే అది ఏం చేస్తోందో అర్థమవుతుంది. యూఎస్‌బీ లాంటి పెద్ద పనులకు మాత్రం పట్టుదలకు పోకుండా లైబ్రరీనే వాడుకోవడం మంచిది.

లోటుపాట్లూ ఉన్నాయి. వైఫై, బ్లూటూత్ లేవు, అవే కావాలంటే అవి లోపలే ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి. కేబుల్ మినీ యూఎస్‌బీ, ఇంట్లో ఫోన్ల కేబుల్ ఏదీ పట్టదు. చాలా పిన్నులు 5 వోల్టులు తట్టుకుంటాయి, అన్నీ కాదు. ఇంటి నీళ్ల ట్యాంకు మట్టం కొలవడానికి అల్ట్రాసోనిక్ సెన్సార్ ఎకో తీగను (5 వోల్టుల సంకేతం ఇచ్చేది) నేరుగా ఏ2కు, అంటే పీఏ4కు కలిపాను. ఆ పిన్ ఇక పనిచేయలేదు. డేటాషీట్‌లో దానికి 5 వోల్టుల గుర్తు లేదు, నేనే చూడలేదు. ఇప్పుడు 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించి వేరే పిన్‌కు ఇస్తున్నాను.

ఆ ట్యాంకు పనికి ఈమధ్యే అదే చిప్‌తో సొంతంగా చిన్న బోర్డు చేయించాను. దానిలోకి ప్రోగ్రామ్ ఎక్కించింది కూడా ఈ న్యూక్లియో మీది ఎస్‌టీ-లింకే. బోర్డు మీద సీఎన్2 అని రాసిన చోట రెండు జంపర్లు (పిన్నులను కలిపే చిన్న టోపీలు) తీసేసి, పక్కనున్న పిన్నుల నుంచి తీగలు లాగితే సరిపోయింది. ట్యాంకు నిండగానే మోటార్ దానంతటదే ఆగుతోంది, అమ్మ మేడెక్కి చూడాల్సిన పని తప్పింది.